భవన నిర్మాణ కాంట్రాక్టరు లైసెన్సు: కాలిఫోర్నియా రాష్ట్ర విధానము

ఇతరుల స్థలమున, ఇతరుల ధనముతో, ఇంటినో ప్రహరినో వంతెననో కట్టి యిచ్చెదనని ఒప్పుకొని ఆ పనికి మూల్యము కుదుర్చుకొనువానిని అమెరికా సంయుక్త రాష్ట్రములలో పెక్కు రాష్ట్రములు కాంట్రాక్టరుగా పరిగణించి, ప్రభుత్వానుజ్ఞ లేనిదే ఆ వృత్తి నవలంబింపరాదని శాసించుచున్నవి. ఈ యనుజ్ఞకే కాంట్రాక్టరు లైసెన్సని పేరు. పనివాని హస్తకౌశలమునకు ఇది ప్రశంసాపత్రము గాదు. ప్రభుత్వపు రాబడి కొఱకు పుట్టిన పన్ను రసీదును గాదు. కప్పు కారినప్పుడు, గోడ బీటలు వారినప్పుడు, బయానా పుచ్చుకొన్న మనిషి మఱునాటినుండి కంటబడనప్పుడు, జవాబుదారి యెవడో ముందుగనే పేరుతో, సంఖ్యతో, వ్రేలిముద్రతో నిర్ణయించి యుంచుటయే దీని ప్రధానోద్దేశము. లైసెన్సునకు సంబంధించిన పరీక్షలు, రుసుములు, పూచీకత్తులు మొదలగునవన్నియు ఈ యొక్క యుద్దేశమును నెరవేర్చుటకు వచ్చిన సాధనములే యని గ్రహించినచో విధానమంతయు సుబోధమగును.

ఈ విషయమున అమెరికా కేంద్రప్రభుత్వ శాసనమేదియు లేదు. ప్రజల ఆరోగ్యమును, క్షేమమును కాపాడుటకై వృత్తులకు నియమము లేర్పరచు నధికారము రాష్ట్రములకు కలదని 1889లో పశ్చిమ వర్జీనియాకు చెందిన యొక వైద్యుని వ్యాజ్యమున ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పియున్నది. నిర్మాణవృత్తి విషయమున ఒక్కొక్క రాష్ట్రము తనకు తోచిన త్రోవ త్రొక్కినది. ఉత్తర కరొలైనా 1925లోనే సాధారణ కాంట్రాక్టర్లకు లైసెన్సు మండలిని స్థాపించెను. నెవాడా 1941లో ఆ పని చేసెను. ఫ్లోరిడాలో రాష్ట్రమంతట చెల్లు లైసెన్సు వేఱు, ఒక కౌంటీకో పట్టణమునకో పరిమితమైన నమోదు వేఱు. పెన్సిల్వేనియా ఇండ్లకు మరమ్మతులు చేయువారిని నమోదు చేసికొనుటతో తృప్తి చెందినది. టెక్సాస్‌లో విద్యుత్తు పనివారికి, నీటిగొట్టముల పనివారికి, శీతలయంత్రముల పనివారికి రాష్ట్ర లైసెన్సు తప్పనిసరి గాని, ఇల్లంతయు కట్టించి యిచ్చు సాధారణ కాంట్రాక్టరునకు అట్టిది లేదు. న్యూయార్కు రాష్ట్రమును సాధారణ కాంట్రాక్టర్ల సంగతి నగరములకే విడిచిపెట్టినది. కావున నొక రాష్ట్రపు లైసెన్సు సరిహద్దు దాటినంతనే తనంతట చెల్లుబాటు గాదు. ఈ నానావిధ పద్ధతులలో మిగుల విస్తారమై, న్యాయస్థానముల తీర్పులచే గట్టిపడినది కాలిఫోర్నియా రాష్ట్రపు పద్ధతి యగుటచే ఈ వ్యాసమున దానినే వివరించుచున్నాము.

కాలిఫోర్నియా శాసనసభ కాంట్రాక్టర్ల లైసెన్సు కార్యాలయమును 1929లో నెలకొల్పెను. అంతకు ముందటి సంవత్సరము మార్చి 12వ తేదీ అర్ధరాత్రి వేళ లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరమున సెయింట్ ఫ్రాన్సిస్ ఆనకట్ట తెగి, నిద్రలో నున్నవారు నాలుగు వందల మందికి పైగా వరదలో కొట్టుకొనిపోయిరి. ఆ దుర్ఘటన ఫలితముగా సివిలు ఇంజనీర్లు నమోదు కావలయునని, ఆనకట్టలపై రాష్ట్రప్రభుత్వపు పర్యవేక్షణ యుండవలయునని 1929లోనే చట్టములు వచ్చినవి. కాంట్రాక్టర్ల చట్టమును ఆ దుర్ఘటనకే ముడిపెట్టరాదు గాని, కట్టువానిని ప్రభుత్వము ప్రశ్నింపవలెనను భావము ఆ రాష్ట్రమున ఆ కాలమున బలపడియుండెననుట స్పష్టము. 1935లో ఏడుగురు సభ్యుల మండలి యేర్పడెను. అప్పటివరకును పేరు నమోదు చేసికొని రుసుము చెల్లించినవానికి లైసెన్సు లభించుచుండగా, 1938లో పరీక్షను నిర్బంధము చేసిరి; 1947 నాటికి అనుభవమునకు ప్రమాణములు నిర్ణయించు నధికారమును మండలికి సంక్రమించెను. ఈ క్రమము గమనింపదగినది. మొదట పేరు, పిమ్మట జ్ఞానము, తరువాత అనుభవము. యుద్ధానంతరము సైనికులు తిరిగివచ్చి లక్షలాది క్రొత్త యిండ్లకు గిరాకి పుట్టిన కాలముననే ఈ మూడవ మెట్టు తోడగుట మేలైనది. నేడు ఆ మండలి క్రింద రెండు లక్షల ఎనుబది వేలకు పైబడి లైసెన్సుదారులు గలరు. మండలి సభ్యులలో అధికసంఖ్యాకులు వృత్తితో సంబంధము లేని సామాన్య పౌరులై యుండవలయుననునది అక్కడి చట్టములోని మంచి నియమములలో నొకటి.

లైసెన్సులు ప్రధానముగా మూడు తరగతులు. రోడ్లు, వంతెనలు, ఆనకట్టలు, మురుగు కాలువలు మున్నగు ఇంజనీరింగు విజ్ఞానము ముఖ్యముగాగల పనులకు ‘ఏ’ తరగతి. మనుష్యులకో వస్తువులకో ఆశ్రయమిచ్చు కట్టడములకు ‘బి’ తరగతి. ఒక్కొక్క ప్రత్యేక వృత్తికి ‘సి’ తరగతి. సి-10 విద్యుత్తు, సి-36 నీటిగొట్టములు, సి-39 ఇంటికప్పులు, సి-33 రంగులు, సి-8 కాంక్రీటు, సి-53 ఈతకొలనులు, సి-57 బావుల త్రవ్వకము. ఇట్లు ఈ జాబితా చాల దూరము సాగును. ‘బి’ తరగతివాడు తన పనిలో, వడ్రంగము గాక, పరస్పర సంబంధము లేని రెండు వృత్తులైన ఇమిడియున్న కట్టడమునే సాధారణముగా ఒప్పుకొనవలెను. అనగా ఒక యిల్లు కట్టువాడు ఆ యింటికి రంగు వేయింపవచ్చును గాని, రంగు వేయుట యొక్కటే పనియైనచో దానిని తన ‘బి’ లైసెన్సుపై చేపట్టరాదు. ఉన్న యింటిలో వంటగదిని, స్నానశాలను సవరించుటతో సరిపెట్టుకొను చిన్న కాంట్రాక్టర్ల కొఱకు 2021 నుండి ‘బి-2’ అను క్రొత్త తరగతి వచ్చినది. పునాదినుండి కప్పువరకు ఇల్లు కట్టిన యనుభవము లేకున్నను, లోపలి పనులలో నేండ్ల తరబడి చేయి తిరిగినవారికి దీనివలన చట్టబద్ధమైన త్రోవ దొరకినది.

ఇక అర్హతలు. దరఖాస్తుదారునకు పదునెనిమిదేండ్లు నిండియుండవలెను. పాఠశాల చదువు ఇంత యుండవలెనను నియమము లేదు. ఉండవలసినది అనుభవము: గడచిన పదేండ్లలో కనీసము నాలుగేండ్లు తాను కోరిన తరగతి పనిని, ఒకరి పర్యవేక్షణ నపేక్షింపకుండ చేయగల నిపుణునిగనో, మేస్త్రీగనో, పనివారిపై అధికారిగనో, తానే కాంట్రాక్టరుగనో చేసియుండవలెను. ఇటుకలు మోసిన కాలము, పని నేర్చుకొనుచున్న కాలము లెక్కకు రావు. చదువునకును కొంత విలువ కలదు. సంబంధించిన ఇంజనీరింగు శాఖలో పట్టము పొందినవానికి నాలుగేండ్లలో మూడేండ్లవరకు మినహాయింపు రావచ్చును. ఒక యేడు మాత్రము పనిస్థలమున గడిపినదై యుండవలసినదే. విద్యావంతుడైన ఇంజనీరుకూడ ఒక సంవత్సరము పనివారి మధ్య నిలిచినగాని కాంట్రాక్టరు కాలేడను ఈ నియమము మాకు మిక్కిలి సమంజసముగా తోచుచున్నది. మన తెలుగు దేశమున సివిలు ఇంజనీరింగు చదివి ఆ రాష్ట్రమునకు వలసపోయినవారు సైతము తమ విద్యను అక్కడి ప్రమాణములకు సరిపోల్చి చూపించుకొని ఈ మినహాయింపును కోరవలసియుందురు.

అనుభవమును నిరూపించుకొను విధానమున మండలి చూపిన శ్రద్ధను ఇచట కొంత వివరింపదగును. దరఖాస్తుదారుడు ‘నేను చేసితిని’ అని చెప్పుకొన్నంత మాత్రమున చాలదు. అతడు పని చేయుచుండగా స్వయముగా చూచిన మఱియొకడు, అతని యజమానుడో, తోడి పనివాడో, మరొక కాంట్రాక్టరో, కట్టడముల తనిఖీ అధికారియో, ఒక పత్రముపై సాక్ష్యము పలుకవలెను. ఆ పత్రమున ఏ తేదీనుండి ఏ తేదీవరకు, పూర్తికాలమో పాక్షికకాలమో, ఏయే పనులు చేసెనో విడివిడిగా వ్రాసి, అసత్యమైనచో శిక్షకు లోబడుదునని ఒప్పుకొని సంతకము చేయవలెను. తానుగా చూడని పనికి వినికిడిచే సాక్ష్యమిచ్చుట చెల్లదు. మండలి కొన్ని దరఖాస్తులను ఎన్నుకొని లోతుగా విచారించును. అప్పుడు జీతపు పత్రములు, పన్ను పత్రములు, పట్టణపాలక సంస్థ ఇచ్చిన కట్టడపు అనుమతులు, ఒప్పందముల ప్రతులు చూపవలసి వచ్చును. రొక్కముగా కూలి పుచ్చుకొని, కాగితపు జాడ లేకుండ ఇరువదేండ్లు శ్రమించిన నిజమైన పనివాడు ఈ చోటనే చిక్కుపడును. అతని నైపుణ్యమును ఎవ్వరును శంకింపరు. కాని దానికి సాక్షి లేడు. ఈ విధానములోని కష్టములన్నింటిలో పేదవానిపై బరువుగా పడునది ఇదియే.

వ్యక్తి యొక్కడే గాక సంస్థలును లైసెన్సు పొందవచ్చును. సంస్థకు అనుభవముండదు, సంస్థ పరీక్షకు కూర్చుండలేదు. కావున సంస్థ పక్షమున అర్హత చూపు ఒక మనిషి యుండవలెను. అతడు సంస్థ అధికారులలో నొకడైనను కావచ్చును, ఉద్యోగియైనను కావచ్చును. ఉద్యోగియైనచో వారమునకు 32 గంటలు గాని, సంస్థ పనివేళలలో నూటికి ఎనుబది వంతులు గాని, ఈ రెంటిలో ఏది తక్కువైన అంత కాలము ఆ సంస్థలోనే నిజముగా పని చేయుచుండవలెను. ఇంత నిక్కచ్చిగా నిర్ణయించుటకు కారణము లేకపోలేదు. అనుభవజ్ఞుడొకడు తన పేరును అద్దెకిచ్చి, నెలనెల కొంత సొమ్ము పుచ్చుకొని, పనిస్థలము ముఖమైనను చూడకుండుట అనాదిగా ఉన్న మోసము. బేనామీ భూములను, బేనామీ గుత్తలను ఎఱిగిన తెలుగు పాఠకునకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు. అర్హత చూపినవాడు పనులపై ప్రత్యక్ష పర్యవేక్షణము, అదుపు వహింపవలయునని చట్టము నిర్దేశించుచున్నది. పేరు మాత్రమే ఇచ్చి పని విడిచినవానిపై క్రమశిక్షణ చర్యయే గాక క్రిమినలు నేరమును మోపవచ్చును. లైసెన్సు విధానమునకు జీవము ఈ నియమములో నున్నది. జవాబుదారి యైన మనిషి కాగితముపై మాత్రమే యున్నచో తక్కిన నిబంధన లన్నియు వ్యర్థములు.

పరీక్షలు రెండు. మొదటిది చట్టమును, వ్యాపారనిర్వహణమును గూర్చినది. అందు ఒప్పందములు, లెక్కలు, ఉద్యోగుల చట్టములు, పనిస్థలపు భద్రత మున్నగు విషయములుండును. రెండవది కోరిన వృత్తిని గూర్చినది. రెండును బహుళైచ్ఛిక ప్రశ్నలే. పుస్తకము తెఱచి చూచుటకు వీలులేదు. ఆస్‌బెస్టాస్ నార వలని అపాయములను గూర్చి మాత్రము ఇంటియొద్ద పుస్తకము చూచుచు వ్రాయదగిన ప్రశ్నావళి యొకటి కలదు. పరీక్షలు గట్టెక్కినవాడు వ్రేలిముద్రలీయవలెను. ఈ నియమము 2005 జనవరి నుండి అమలులోనున్నది. పూర్వపు నేరము వెల్లడియైనంతనే దరఖాస్తు త్రోసివేయబడదు. ఆ నేరమునకు ఈ వృత్తితో గల సంబంధము ఎట్టిదని విచారింతురు. దరఖాస్తు రుసుము 450 డాలర్లు, తొలి లైసెన్సునకు ఏకస్వామ్య వ్యాపారి చెల్లించునది 200 డాలర్లు, సంస్థ చెల్లించునది 350 డాలర్లు. రెండేండ్ల కొకమారు లైసెన్సును పునరుద్ధరించుకొనవలెను. సాంఘిక భద్రతా సంఖ్య లేని వలసదారులు పన్ను చెల్లింపు సంఖ్యతోనే దరఖాస్తు చేసికొనవచ్చునని 2014 నాటి శాసన మొకటి అనుమతించినది. నిర్మాణరంగమున చెమటోడ్చువారిలో వలస వచ్చినవారే విశేషముగా నున్న రాష్ట్రమున ఇది న్యాయమైన సంస్కరణము.

లైసెన్సు చేతికి రాకముందు 25,000 డాలర్ల పూచీపత్రమును దాఖలు చేయవలెను. 2022 వరకు ఇది 15,000 డాలర్లుగా నుండెను. పూచీపత్రమనగా కాంట్రాక్టరు ఆ సొమ్మును ప్రభుత్వమునొద్ద కట్టుట గాదు. ఒక పూచీ సంస్థ సంవత్సరమునకు కొలది రుసుము పుచ్చుకొని, ఇతడు చట్టము నతిక్రమించి యజమానునకో కూలివానికో నష్టము కలిగించినచో ఆ మేరకు మేము చెల్లింతుమని హామీ యిచ్చును. చెల్లించిన పిమ్మట ఆ సొమ్మును కాంట్రాక్టరునొద్దనే రాబట్టుకొనును. కావున బీమాకును దీనికిని పెద్ద భేదము కలదు. ఒక్క వంటగదిని తిరుగగట్టుటకే ఈ మొత్తమునకు మించి వ్యయమగు ఆ రాష్ట్రమున, పలువురు బాధితులకు కలిపి ఒక్కటే పూచీపత్రము దిక్కగునెడల, ఎవ్వరి నష్టమును పూర్తిగా తీఱదు. దీనిని చూచి ధైర్యము చెందు ఇంటి యజమానులు ఈ సంగతి నెఱుగుట అవసరము.

మఱి ఈ విధానమునకు నిజమైన బలమెక్కడ నున్నది? లైసెన్సు లేకుండ కాంట్రాక్టు పని చేయుట కాలిఫోర్నియాలో నేరము. మొదటి తప్పునకు ఆరు నెలల వఱకు చెఱ, 5,000 డాలర్ల వఱకు జరిమానా. తిరిగి చేసినవానికి శిక్ష హెచ్చును. అయితే చెఱకన్న వెఱపు పుట్టించునది ఆ శాసనములోని 7031వ విభాగము. లైసెన్సు లేనివాడు ఎంత చక్కగా పని చేసినను, యజమానుడు సొమ్ము ఎగవేసినప్పుడు ఏ న్యాయస్థానమునను దావా వేయజాలడు. అంతేగాదు, ఇదివఱకే చెల్లించిన సొమ్మునంతను తిరిగి యిమ్మని యజమానుడే అతనిపై దావా వేయవచ్చును. ఇచట 1991లో ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము హైడ్రోటెక్ సంస్థ వ్యాజ్యమున చెప్పిన తీర్పు ప్రసిద్ధము. పామ్ స్ప్రింగ్స్ ఎడారి పట్టణమున నొక జలక్రీడా వనమునకు కృత్రిమ సముద్రతరంగములను లేపు యంత్రసామగ్రిని న్యూయార్కుకు చెందిన ఆ సంస్థ సమకూర్చినది. తమకు కాలిఫోర్నియా లైసెన్సు లేదు గనుక బిగింపు పనికి ఆ సంస్థవారు మొదట వెనుదీసిరి. సొమ్ము తప్పక చెల్లింతుమని చెప్పి వనము యజమానులే తమ్మును ఒప్పించిరని, అసలు ఆ మాట చెప్పునాటికే చెల్లించు తలంపు వారికి లేదని, ఇది వంచన యని వాదించిరి. ఆ వాదమంతయు నిజమే యనుకొన్నను, లైసెన్సు లేనివాని మూల్యమును వంచన పేరిటనైనను ఇప్పింపజాలమని న్యాయస్థానము తేల్చినది. ఒక్కని కష్టము కన్న లైసెన్సు లేని పని నరికట్టుట ముఖ్యమని శాసనసభ భావించిన పిమ్మట, జాలి చూపుటకు తమకు తావు లేదని న్యాయాధిపతుల యభిప్రాయము. 2010లో అప్పీలు న్యాయస్థాన మొకటి ఇంకను ముందునకు పోయెను. తోటపని చేయించుకొన్న యింటివాడు, పనివానికి లైసెన్సు లేదని మొదటినుండియు ఎఱిగియే పని చేయించుకొన్నను, చెల్లించిన 57,500 డాలర్లు సామగ్రి ఖరీదుతో సహా తిరిగి పొందుటకు అర్హుడని నిర్ణయించినది.

ఈ కాఠిన్యము కొందఱకు అన్యాయముగా తోచును. ఎఱిగి చేయించుకొన్న యజమానుడు ఉచితముగా తోటను పొందుట ధర్మమా యని యడుగవచ్చును. వారి యడుగుట సహేతుకమే. కాని రాష్ట్రమంతట ప్రతి పనిస్థలమునకు తనిఖీ అధికారిని పంపుట యే ప్రభుత్వమునకును సాధ్యము గాదు. ఈ విభాగము ప్రతి యింటి యజమానుని చేతను, ప్రతి పెద్ద కాంట్రాక్టరు లెక్కల గుమాస్తా చేతను లైసెన్సు విచారణ చేయించుచున్నది. ప్రభుత్వ వ్యయము లేకుండ చట్టమును నడిపించు ఉపాయములలో ఇంత శక్తిమంతమైనది అరుదు. పొరపాటున పునరుద్ధరణ గడువు దాటినవాని కొఱకు స్వల్పమైన సడలింపును శాసనములోనే చేర్చిరి: పూర్వము లైసెన్సు గలవాడై, దానిని నిలుపుకొనుటకు నిజాయితీతో ప్రయత్నించి, లోపము తెలిసినంతనే సరిదిద్దుకొన్నవానికి న్యాయస్థానము కొంత మన్నింపు చూపవచ్చును.

చిన్న పనులకు లైసెన్సు అక్కరలేదు. కూలియు సామగ్రియు కలిసి 500 డాలర్లకు లోబడిన పనులకే చాలకాలము ఈ మినహాయింపు పరిమితమై యుండగా, 2025 జనవరి నుండి దానిని 1,000 డాలర్లకు పెంచిరి. అయితే ఆ పనికి పట్టణపు అనుమతి అవసరము కాకూడదు, చేయువానిక్రింద కూలివాండ్రుండరాదు. పెద్ద పనిని ముక్కలు చేసి చిన్నవిగా చూపుట చెల్లదు. తన స్థలమున తన కొఱకు ఇల్లు కట్టుకొను యజమానునకును లైసెన్సు వలదు. కట్టిన యేడాదిలోపల ఆ యిల్లు అమ్మజూపినచో, అమ్మకమునకే కట్టెనని చట్టము తొలుత భావించును.

ఇంటి యజమానుల రక్షణకై యున్న నియమములలో ఒకటి ఫ్రీమాంట్, శాన్ రామోన్ మొదలగు పట్టణములలో స్థిరపడిన తెలుగు కుటుంబములు తప్పక తెలిసికొనదగినది. ఇంటి మరమ్మతు ఒప్పందమున కాంట్రాక్టరు పుచ్చుకొనదగిన బయానా ఒప్పందపు మొత్తములో పదవ వంతు గాని, 1,000 డాలర్లు గాని, ఏది తక్కువైన అంతకు మించరాదు. లక్ష డాలర్ల పనికైనను బయానా వేయి డాలర్లే. ఆ పిమ్మటి చెల్లింపులు జరిగిన పనికి, వచ్చి చేరిన సామగ్రికి మించరాదు. సగము సొమ్ము ముందిచ్చి పని ప్రారంభింపజేయుట మన ప్రాంతముల వాడుక యగుటచే, ఈ నియమము నెఱుగక మొగమాటమున చెక్కు వ్రాసి యిచ్చువారు కలరు. ఎక్కువ కోరుటయే ఆ కాంట్రాక్టరును శంకింపవలసిన హేతువు. ఒప్పందము వ్రాతమూలకముగా నుండవలెను; సంతకము చేసిన మూడు పనిదినములలోపల, అరువదియైదేండ్లు నిండినవారైనచో అయిదు పనిదినములలోపల, యజమానుడు దానిని రద్దు చేసికొనవచ్చును. ఒప్పందములందు, ప్రకటనలందు కాంట్రాక్టరు తన లైసెన్సు సంఖ్యను చూపవలెను. ఆ సంఖ్యతో మండలి జాబితాను వెదకి లైసెన్సు చెల్లుచున్నదా, పూచీపత్రము, బీమా నడచుచున్నవా, శిక్షలేవైన కలవా యని యెవరైనను తెలిసికొనవచ్చును. కంటికి కనబడు లోపములపై నాలుగేండ్ల వఱకు, కట్టడములో దాగియున్న లోపములపై పదేండ్ల వఱకు మండలికి ఫిర్యాదు చేయవచ్చును.

దాగియున్న లోపమెంత భయంకరమో 2015 జూన్ 16న బర్క్‌లీ పట్టణమున లోకము చూచినది. పదేండ్లైన నిండని భవనమున, అమెరికన్ల లెక్కలో అయిదవ అంతస్తులో, పుట్టినరోజు పండుగ జరుపుకొనుచున్న విద్యార్థులు నిలిచిన వసారా విరిగి పడి ఆరుగురు మరణించిరి, ఏడుగురు తీవ్రముగా గాయపడిరి. మరణించినవారిలో అయిదుగురు సెలవులకు ఐర్లండునుండి వచ్చినవారు. వసారాను మోయు కొయ్యదూలములలోనికి నీరు దిగి, అవి లోపలనే కుళ్లిపోయినవని పరీక్షలో తేలినది. ఆ భవనము కట్టిన సంస్థ, నిర్మాణలోపములకై వచ్చిన ఇతర వ్యాజ్యములను పరిష్కరించుకొనుటకు అంతకు ముందే రెండు కోట్ల డాలర్లకు పైగా చెల్లించియుండెను; లైసెన్సు మండలికి ఆ సంగతియే తెలియదు. పిమ్మట దాని లైసెన్సు రద్దయినది. బహుకుటుంబ అద్దె భవనముల విషయమున పది లక్షల డాలర్లకు తక్కువ గాని పరిష్కారములను, తీర్పులను కాంట్రాక్టర్లు మండలికి తెలుపవలెనని 2018లో చట్టము వచ్చెను. మూడు వాటాలు మొదలు ఆపై గల భవనములలో కొయ్యపై ఆధారపడిన వసారాలను కాలక్రమమున తనిఖీ చేయింపవలెనని అదే సంవత్సరము మఱియొక చట్టము వచ్చెను. లైసెన్సు విధానము ఎంత పటిష్ఠమైనను, వార్త చేరని చోట అది గ్రుడ్డిదే యని ఈ యుదంతము నిరూపించినది. మృతుల తల్లిదండ్రులు తమ దుఃఖమును దిగమ్రింగుకొని శాసనసభ యెదుట నిలిచి సాక్ష్యమీయవలసి వచ్చుట మఱింత బాధాకరము.

విపత్తుల వేళ మోసము విజృంభించును. 2018 నవంబరులో పారడైజ్ పట్టణమును దహించి 85 మందిని బలిగొన్న దావానలము తరువాతను, 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ ప్రాంతమున ఆల్టడీనా, పసిఫిక్ పాలిసేడ్స్ కాలిన తరువాతను, బూడిద చల్లారకముందే, బీమా సొమ్ము చేతనున్న నిర్వాసితులను వెదకుకొనుచు అనర్హులు వచ్చి వ్రాలుటకు భయపడి ప్రభుత్వము హెచ్చరికలు చాటినది. అత్యయిక స్థితి ప్రకటింపబడిన ప్రాంతమున, ఆ విపత్తుచే చెడిన కట్టడములను లైసెన్సు లేకుండ బాగుచేయబూనుట ఘోరనేరముగా పరిగణింపబడి, మూడేండ్ల వఱకు చెఱ పడవచ్చును. మండలి పరిశోధకులు ఇంటి యజమానుల వేషమున నిలిచి, ధర చెప్పవచ్చిన లైసెన్సు లేనివారిని పట్టుకొనుటయు కలదు.

వృత్తి లైసెన్సులన్నియు పోటీని తగ్గించి ధరలు పెంచుననియు, లోపలనున్నవారు వెలుపలివారిని రానీయకుండుటకు అవి గోడలగుననియు ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లో తన గ్రంథమున విమర్శించెను. వృత్తిలో నున్నవారే అధికముగాగల మండలులు, ప్రభుత్వపు చురుకైన పర్యవేక్షణము లేనిచో, పోటీ చట్టములకు లోబడవలసినవే యని 2015లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము ఉత్తర కరొలైనా దంతవైద్య మండలి వ్యాజ్యమున నిర్ణయించినది. ఈ విమర్శ కొంత నిజము. కాని చెడిన పంటికి వేఱొక వైద్యుని వెదకుకొనవచ్చును. జీవితకాలపు పొదుపుతో కట్టిన యిల్లు చెడినవానికి మఱియొక యిల్లు కట్టుకొను స్తోమత యుండదు. కాలిఫోర్నియా పద్ధతిలో విద్యార్హత నడుగకుండుటయు, వలసదారునకు తలుపు తెఱచుటయు గోడ యెత్తును తగ్గించినవి. అనుభవమునకు సాక్ష్యము సంపాదించుటలోని కష్టమును గూడ తగ్గింపగలిగినచో విమర్శకు తావు మఱింత తగ్గును.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో ‘రిజిస్టర్డు కాంట్రాక్టరు’ అను మాట వినబడునుగాని, ఆ నమోదు రోడ్లు, భవనములు, నీటిపారుదల మున్నగు ప్రభుత్వశాఖల పనులకు టెండరు వేయుటకు సంబంధించినది. కాంట్రాక్టరుల ఆర్థికశక్తిని, పూర్వానుభవమును బట్టి తరగతులుగా విభజింతురు. విద్యుత్తు కాంట్రాక్టర్లకు ప్రత్యేకముగా లైసెన్సు కలదు. పలువురు కూలీలను నియమించువానికి 1970 నాటి ఒప్పంద కార్మిక చట్టము వంటి శాసనములు లైసెన్సు విధించినవిగాని, అవి కూలివాని రక్షణకే గాని కట్టడపు రక్షణకు గావు. ఇల్లు కట్టుకొను సామాన్యుడు మేస్త్రీతో చదరపు అడుగునకు ఇంతయని మాట్లాడుకొన్నప్పుడు ఆ మేస్త్రీ అర్హతను ప్రశ్నించు ప్రభుత్వ మండలి యేదియు లేదు. గృహనిర్మాణము వినియోగదారుల రక్షణ చట్టము క్రింద సేవయే యని 1993లో లక్నో అభివృద్ధి సంస్థ వ్యాజ్యమున భారత సర్వోన్నత న్యాయస్థానము చెప్పియుండుటచే, చెడిన పనికి వినియోగదారుల కమిషనునొద్దకు పోవు మార్గము మాత్రము గలదు. అది నష్టము జరిగిన తరువాతి చికిత్స.

కాలిఫోర్నియాలో నేడు మిగుల చర్చకు వచ్చుచున్నది కార్మిక నష్టపరిహార బీమా. కూలివాండ్రు గల ప్రతి కాంట్రాక్టరును ఈ బీమా చేయింపవలసినదే. ‘నా క్రింద ఎవ్వరును లేరు’ అని వ్రాసి యిచ్చినవానికి మినహాయింపు. ఇంటికప్పుల పని చేయువారు పలువురు అట్లు వ్రాసి యిచ్చి, ఉదయము కూలిసంతలలో మనుష్యులను ఎక్కించుకొని పోవుచుండుటయు, కప్పుమీదినుండి జారిపడిన కూలివానికి దిక్కు లేకుండుటయు చూచి, కప్పులవారికి ఈ మినహాయింపును చాలకాలము క్రిందటనే తీసివేసిరి. 2023 జనవరి నుండి కాంక్రీటు, శీతలయంత్రములు, ఆస్‌బెస్టాస్ తొలగింపు, చెట్ల పని చేయువారికిని తీసివేసిరి. లైసెన్సుదారులందఱికి 2026 నుండి ఇది వర్తింపవలసి యుండగా, ఒంటరిగా పని చేసికొను చిన్న కాంట్రాక్టర్లు నిజముగా ఎందఱో, కూలివాండ్రను దాచిపెట్టువారెందఱో తేల్చు పద్ధతి ముందుగా కావలెనని గడువును 2028 జనవరికి పొడిగించిరి.